మీ ఊళ్ళో రైతు సాయం ఎవరికి పడుతోంది? జాబితా తీసి చదివే పద్ధతి

విడత డబ్బు జమ అయిన రోజు ఏ ఊళ్ళోనైనా రెండే మాటలు వినిపిస్తాయి. "నాకు పడలేదు." "వాడికెలా పడింది?" రచ్చబండ దగ్గర ఎంతసేపు మాట్లాడుకున్నా ఈ రెండింటికీ జవాబు దొరకదు. అది కాగితంలో ఉంటుంది. ఆ కాగితంలో చాలాభాగం ఎవరైనా చూడొచ్చు. చూడొచ్చని తెలియక కొందరు, చూసినా ఎలా చదవాలో తెలియక ఇంకొందరు వదిలేస్తున్నారు.

నేను రెవెన్యూలో గ్రామస్థాయి ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అడంగల్, అంటే ఏ సర్వే నంబర్లో ఎవరు ఏం సాగు చేస్తున్నారో రాసే ఊరి రికార్డు, చేత్తో రాసిన రోజులూ చూశాను, కంప్యూటర్లోకి ఎక్కించిన రోజులూ చూశాను. ఏ తప్పు ఎక్కడ పుడుతుందో కాస్త తెలుసు. ఇప్పుడు తెలిసినవాళ్ళు పాసుపుస్తకం, ఆధార్ పట్టుకొని ఇంటికొస్తే కూర్చోబెట్టి చూసి పెడుతుంటాను. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. అందరికీ ముందుగా చెప్పేది ఒకటుంది: జాబితా తెరవగానే అనర్హుల కోసం వెతక్కండి, ఉండాల్సి ఉండీ లేని పేర్ల కోసం వెతకండి.

ముందు రూలు, తర్వాతే జాబితా

కేంద్రం రైతుల ఖాతాల్లో వేసే పీఎం కిసాన్‌తో మొదలుపెడదాం. దేశమంతటికీ ఒకటే రూలు, జాబితా ఫోన్లోనే దొరుకుతుంది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభించి, 2018 డిసెంబర్ 1 నుంచే లెక్కకు తెచ్చారు. ఏడాదికి రూ.6,000, నాలుగు నెలలకోసారి రూ.2,000 చొప్పున. మొదట రెండు హెక్టార్ల లోపు, అంటే దాదాపు ఐదెకరాల లోపు వాళ్ళకే అన్నారు. 2019 జూన్ నుంచి ఆ పరిమితి తీసేశారు. ఈ సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. పదిహేనెకరాల ఆసామికి కిసాన్ డబ్బులేంటని నా దగ్గరికి వచ్చి గొడవపడేవాళ్ళు ఉన్నారు. ఎకరాలు ఎక్కువున్నంత మాత్రాన అనర్హుడు కాడు.

మరి అనర్హులెవరు? రాజ్యాంగ పదవుల్లో ఉన్నవాళ్ళు, ఒకప్పుడు ఉన్నవాళ్ళు. మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, మేయర్లు, జిల్లా పరిషత్ ఛైర్మన్లు, వీళ్ళలో మాజీలు కూడా. ప్రభుత్వ ఉద్యోగులు, రిటైరైన ఉద్యోగులు. నెలకు రూ.10,000 లేదా అంతకు మించి పింఛను తీసుకునేవాళ్ళు. కిందటి అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవాళ్ళు. ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు, ఛార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులు. సంస్థల పేరున ఉన్న భూములు. ఇందులో మినహాయింపు ఒకటుంది: నాలుగో తరగతి ఉద్యోగులకు, ఆ తరగతిలో రిటైరైనవాళ్ళకు ఈ అడ్డు లేదు. అటెండరుగా చేసిన పెద్దాయనకు డబ్బు పడితే "గవర్నమెంటు ఉద్యోగం చేసినోడికి పడింది" అని ఫిర్యాదు రాయకండి. స్కూలు టీచరుకు పడితే అది వేరే సంగతి.

కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. ఒకే ఇంట్లో భార్యకూ భర్తకూ ఇద్దరికీ పడుతుంటే ఒకటి తప్పే. తండ్రికీ, పట్టా విడిగా ఉన్న మేజరు కొడుక్కీ పడితే తప్పు కాదు, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నా సరే. భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరున ఉండాలన్నది పథకం పెట్టినప్పటి షరతు. ఆ తర్వాత కొన్నవాళ్ళకు వర్తించదు గానీ, పట్టాదారు చనిపోయి వారసత్వంగా వచ్చినదానికి మినహాయింపు ఇచ్చారు. కౌలు రైతుకు ఇందులో చోటు లేదు. నన్నడిగితే ఇదే పెద్ద లోపం. కానీ రూలు అదే కాబట్టి జాబితాను ఆ రూలుతోనే చదవాలి.

జాబితా తెరవడం

పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ తెరిచి 'ఫార్మర్స్ కార్నర్' కిందకు వెళితే 'బెనిఫిషియరీ లిస్ట్' అని ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, సబ్ డిస్ట్రిక్ట్, బ్లాక్, గ్రామం ఎంచుకొని 'గెట్ రిపోర్ట్' నొక్కితే పేర్లు వస్తాయి. లాగిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ యాప్ అంటూ ఫైలు వస్తే మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి. ఆ పేరుతో బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే దొంగ యాప్‌లు తిరుగుతున్నాయి.

గ్రామం ఎంచుకునే దగ్గరే చాలామంది తికమక పడతారు. అక్కడ ఉండేది రెవెన్యూ గ్రామం. మీరు ఓటేసే పంచాయతీ కాకపోవచ్చు. శివారు పల్లెలు విడి పంచాయతీలైనా రెవెన్యూ లెక్కలో పాత ఊరి కిందే ఉంటాయి. మీ పాసుపుస్తకం మొదటి పేజీలో గ్రామం అని ఏది ఉందో అదే ఎంచుకోండి. పొలం పక్క ఊళ్ళో ఉంటే రెండు ఊళ్ళ జాబితాలూ చూడాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు ఎలా రాశారో చెప్పలేం. 'వి' (V) దగ్గర దొరక్కపోతే 'బి' (B) దగ్గర కూడా చూడండి.

తెరుచుకున్న జాబితాలో పేరు, ఆడా మగా అన్నది తప్ప పెద్దగా ఏమీ ఉండదు. తండ్రి పేరుండదు, సర్వే నంబరుండదు. ఒక్కో ఊళ్ళో వెంకటేశ్వర్లు అన్న పేరు వరసగా కనిపిస్తుంది. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట వెనకుంటుంది, మరోచోట ఒక్క అక్షరమే ఉంటుంది. అదే పేరు రెండుసార్లు కనబడగానే ఇద్దరు మనుషులు కాదు, ఒకడే రెండుసార్లు తీసుకుంటున్నాడని అనుకోవడం తేలిక. తొందరపడకండి. జాబితాను పేజీలవారీగా ప్రింటు తీసుకోండి, లేదా పీడీఎఫ్‌గా దాచుకోండి. పైన ఆ రోజు తేదీ వేయండి. పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. తేదీ లేని ప్రింటుకు విలువ లేదు.

ఒక రైతు గురించి లోతుగా తెలుసుకోవాలంటే 'నో యువర్ స్టేటస్' ఉంది. అందులో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి ఓటీపీ ఇవ్వాలి కాబట్టి ఆ రైతే చూసుకోవాలి. ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని నిర్ధారించడం) అయిందా, ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు పథకం రికార్డుకు జతచేయడం) అయిందా, ఆధార్ బ్యాంకు ఖాతాకు లింకయిందా అన్న మూడు వరుసలు కనిపిస్తాయి. వాటిలో ఏ ఒక్కటి 'నో' అని ఉన్నా విడత ఆగుతుంది. "అన్నీ ఇచ్చాను, డబ్బు రాలేదు" అన్నవాళ్ళలో చాలామందికి ఈ మూడింట్లో ఒకచోట 'నో' ఉంటుంది. ఆధార్ లింకు అన్నప్పుడు కూడా జాగ్రత్త. పాసుబుక్కులో ఆధార్ నంబరు రాసి ఉంటే చాలదు, డీబీటీకి, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా జమ కావడానికి, ఏ ఖాతా మ్యాప్ అయి ఉందో బ్యాంకులో అడగాలి. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలోకి డబ్బు వెళ్తూ ఉండవచ్చు.

నోటుబుక్కు పని

ఇక్కడి నుంచి ఓపిక కావాలి. జాబితా ఒకటి చేతిలో ఉంటే ఏమీ తెలియదు. పక్కన రెండో కాగితం పెట్టి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో భూ రికార్డుల సైటు మీభూమిలో గ్రామ 1-బి, అంటే భూ హక్కుల రికార్డు, గ్రామ అడంగల్ ఉంటాయి. తెలంగాణలో అలాంటి సైటుగా 2020 నవంబర్ నుంచి ధరణి ఉండేది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. 1-బిలో పట్టాదారు పేరు, తండ్రి పేరు, ఖాతా నంబరు (బ్యాంకుది కాదు, భూమిది), విస్తీర్ణం ఉంటాయి. కిసాన్ జాబితాలో లేనివన్నీ ఇందులో ఉన్నాయన్నమాట.

నోటుబుక్కులో ఎడమ పక్క 1-బి ఖాతాలు వరసగా రాసుకోండి. కుడిపక్క జాబితాలో దొరికిన పేరు. దొరికితే టిక్కు, దొరక్కపోతే ఖాళీ. మొత్తం ఊరు ఒక్కసారే పెట్టుకోకండి, మీకు బాగా తెలిసిన వీధి, మీకు బాగా తెలిసిన పొలం గట్లతో మొదలుపెట్టండి. మనిషి తెలిసినచోటే పేర్ల చిక్కు విడుతుంది. అవతల జాబితాలో మిగిలిపోయిన పేర్లు, అంటే 1-బిలో ఏ ఖాతాకూ అతకనివి, విడిగా ఒక పేజీలో రాయండి.

ఖాళీలు ముందు చూడమన్నది ఎందుకో ఇప్పుడు చెబుతాను. మా పక్క వీధిలో ఒకామె వచ్చింది. భర్త పోయి చాలాకాలమైంది, రెండున్నర ఎకరాలు, ఆమే చేయిస్తోంది. ఆయన ఉన్నన్నాళ్ళు విడతలు పడ్డాయి. పోయాక బ్యాంకువాళ్ళు ఖాతా మూసేశారు. ఈమె పేరు జాబితాలో లేదు. 1-బి తీస్తే భూమి ఖాతా ఇప్పటికీ ఆయన పేరునే ఉంది. ఫౌతీ, అంటే పోయినవాళ్ళ భూమిని రికార్డులో వారసుల పేరుకు మార్చడం, చేయించలేదు. మరణ ధ్రువపత్రం ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన రబ్బరుబ్యాండు వేసి దాచుకుంది. దాన్ని ఎవరికివ్వాలో ఎవరూ చెప్పలేదు. ఆమెకు కావాల్సింది ఫిర్యాదు కాదు, వారసత్వ మ్యుటేషన్. ఆ తర్వాత కొత్త రిజిస్ట్రేషన్. ఊళ్ళో ఖాళీలు తీసి చూస్తే ఇలాంటివే ఎక్కువ తగులుతాయి: ఫౌతీ కానివి, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొని పట్టా మార్చనివి, ఆధార్‌లో పేరుకూ పాసుపుస్తకంలో పేరుకూ ఒక అక్షరం తేడా ఉన్నవి. తెలంగాణ వైపు ఫౌతీని విరాసత్ అంటారు, పని అదే.

దీనికి మరో ముఖం కూడా ఉంది. ఖాతాదారు పోయినా బ్యాంకుకు తెలియక, డబ్బు పడుతూనే ఉంటుంది, ఏటీఎం కార్డు ఇంట్లో ఎవరి దగ్గరో ఉంటుంది. ఇలాంటి పేరు తగిలితే మొదట ఆ ఇంటికి వెళ్ళి చెప్పండి. నూటికి తొంభై ఇళ్ళలో అది దొంగతనం అని వాళ్ళకు తోచి కూడా ఉండదు. ఫౌతీ చేయించుకుంటే హక్కుగా వచ్చేదాన్ని చాటుగా తీసుకుంటున్నారు, అంతే.

ఇక ఏ ఖాతాకూ అతకని పేర్ల పేజీ. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2020లో తమిళనాడులో బయటపడింది ఇలాంటిదే. కొన్ని జిల్లాల్లో ఉన్నట్టుండి లబ్ధిదారుల సంఖ్య పెరిగింది. ఆరా తీస్తే అధికారుల లాగిన్, పాస్‌వర్డ్ బయటివాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి, రైతులే కానివాళ్ళను లక్షల్లో ఎక్కించారు. ఐదున్నర లక్షల మంది దాకా అనర్హులు, రూ.110 కోట్ల దాకా సొమ్ము అని ఆ రాష్ట్ర అధికారులే చెప్పారు. అంత జరగడానికి ముందు ప్రతి ఊరి జాబితాలోనూ ఆ ఊళ్ళో ఎవరూ ఎరగని పేర్లు కొన్ని చేరి ఉంటాయి. చదివినవాడు ఉంటే పట్టుకునేవాడు.

రాష్ట్ర పథకాల సంగతి

ఇక్కడ లెక్క మారుతుంది. తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు ఎకరాల లెక్క. సీజనుకు ఎకరాకు రూ.4,000, తర్వాత రూ.5,000. గరిష్ఠ పరిమితి ఉండేది కాదు. యాభై ఎకరాలుంటే ఏడాదికి 5 లక్షలు. కౌలుకు చేసేవాడికి సున్నా. 2025 జనవరి 26 నుంచి రైతుభరోసా పేరుతో ఏడాదికి ఎకరాకు రూ.12,000 అన్నారు, సాగుకు పనికిరాని భూములు తీసేస్తామన్నారు. ఆ నెలలోనే గ్రామసభలు పెట్టి జాబితాలు చదివారు. ఎకరాల లెక్క పథకంలో మనిషి పేరు చూస్తే చాలదు, సర్వే నంబరు చూడాలి. రోడ్డుకు పోయిన భూమి, ప్లాట్లు వేసిన భూమి, ఇంకా పాసుపుస్తకంలో వ్యవసాయ భూమిగానే ఉందా? ఉంటే ఆ సర్వే నంబరుకు డబ్బు వెళ్ళిందా? ఇవి ఊళ్ళోవాళ్ళు పొలం గట్టు మీద నిలబడి చెప్పగలిగిన సంగతులు. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకు తెలియవు. తెలంగాణలో ఏఈఓను, అంటే వ్యవసాయ విస్తరణాధికారిని, రైతువేదిక దగ్గర కలిస్తే తన పరిధిలోని ఊళ్ళ (క్లస్టర్) జాబితా చూపిస్తారు, మర్యాదగా అడిగితే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 15న మొదలైన రైతు భరోసా కింద కేంద్రం రూ.6,000 కలుపుకొని ఏడాదికి రూ.13,500 ఇచ్చేవారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులను కూడా అందులో చేర్చారు. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలైంది. కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి రూ.20,000, మొదటి విడతలో రాష్ట్రం రూ.5,000, కేంద్రం రూ.2,000. దాదాపు 47 లక్షల మందికి ఆ విడత వెళ్ళింది. అర్హుల జాబితాలు రైతు సేవా కేంద్రాల్లో పెడతారు, అభ్యంతరాలు అక్కడే తీసుకుంటారు. బోర్డు మీద పెట్టిన రోజే ఫోన్లో ఫొటో తీసుకోండి. రెండు వారాల తర్వాత వెళితే అదే బోర్డు మీద ఎరువుల ధరల పట్టిక ఉంటుంది.

ఒక విషయం గమనించాలి. కేంద్రం డబ్బు వచ్చి రాష్ట్రం డబ్బు రాకపోవచ్చు, రాష్ట్రం డబ్బు వచ్చి కేంద్రం డబ్బు రాకపోవచ్చు. రెండూ ఒకే రోజు పడినా రెండు జాబితాలు. ఖాతాలో ఎంత పడిందో చూసి, ఏది ఆగిందో తేల్చుకున్నాకే ఆఫీసుకు వెళ్ళండి.

దొరకని కాగితం కోసం సమాచార హక్కు

వెబ్‌సైట్లో లేనిది, బోర్డు మీద పెట్టనిది అడిగి తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి) ఉంది. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను బయటపెట్టాల్సిన సంగతుల పట్టిక అది. అందులో పన్నెండో అంశం సబ్సిడీ పథకాలది: ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారుల వివరాలేమిటి. అంటే లబ్ధిదారుల జాబితా ఆఫీసువాళ్ళు దయతలచి ఇచ్చేది కాదు, చట్టం ముందే ఇచ్చిపెట్టమన్నది. మీ దరఖాస్తులో ఈ అంశం పేరెత్తండి. నేను ఉద్యోగంలో ఉండగా చూశాను, సెక్షన్ రాసిన దరఖాస్తును గుమస్తా ఒకటికి రెండుసార్లు చదువుతాడు.

మండల వ్యవసాయాధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి రాస్తే సరిపోతుంది. వాళ్ళ దగ్గర లేకపోతే ఉన్నచోటికి ఐదు రోజుల్లో పంపించాల్సిన బాధ్యత వాళ్ళదే, సెక్షన్ 6(3). మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి రూ.5, ఆపై రూ.10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అసలు లేదు. ఎందుకు కావాలని అడిగితే చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) చూపించండి.

అసలు కిటుకు అడిగే తీరులో ఉంది. "ఫలానావాడికి ఎందుకు ఇచ్చారు?" అని రాస్తే అది ప్రశ్న, దానికి జవాబు చెప్పాల్సిన పని వాళ్ళకు లేదు. రికార్డు అడగాలి. ఒక ఊరు, ఒక పథకం, ఒక విడత. అంతకు మించితే "సమాచారం చాలా విస్తృతం" అని తిప్పి పంపుతారు. నేను రాసిచ్చేది ఇలా ఉంటుంది:

"సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా మండలం, ఫలానా రెవెన్యూ గ్రామంలో ఫలానా పథకం ఫలానా విడతకు సంబంధించి ఈ రికార్డుల నకళ్ళు ఇప్పించగలరు. ఒకటి, సొమ్ము జమ అయినవారి జాబితా: పేరు, తండ్రి లేదా భర్త పేరు, విస్తీర్ణం, మొత్తం, జమ తేదీ. రెండు, తిరస్కరించిన లేదా ఆపిన పేర్ల జాబితా, కారణంతో సహా. మూడు, అనర్హులుగా తేలిన కేసుల సంఖ్య, తిరిగి వసూలైన మొత్తం. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు నాకు అవసరం లేదు. సెక్షన్ 10 ప్రకారం వాటిని తొలగించి మిగతాది ఇవ్వగలరు. ఈ వివరాలు సెక్షన్ 4(1)(బి) పన్నెండో అంశం కింద స్వచ్ఛందంగా వెల్లడించవలసినవని మనవి."

ఆధార్ వద్దని మీరే రాయడం చాలా ముఖ్యం. 'వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం' అన్న జవాబుకు ముందే సగం దారి మూసేసినట్టు. రెండో అంశం, ఆపిన పేర్లూ కారణాలూ, నా ఉద్దేశంలో మొదటిదానికంటే విలువైనది. అది చేతికొస్తే ఎవరెవరికి ఏ కాగితం తక్కువైందో ఊరంతటికీ ఒక్కసారే తెలుస్తుంది.

దరఖాస్తు చేతికిస్తే రెండో కాపీ మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. గడువు 30 రోజులు. గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి, సెక్షన్ 7(6). నకళ్ళ ఖర్చు ఎక్కువనిపిస్తే రికార్డు తనిఖీకి అడగండి. మొదటి గంటకు రుసుము ఉండదు. గంటలో ఒక ఊరి జాబితా ఎంచక్కా చదివెయ్యొచ్చు.

ఇప్పుడు చిక్కు. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదన్న సెక్షన్ 8(1)(జె) ఇదివరకు షరతులతో ఉండేది: ప్రజాకార్యకలాపాలతో సంబంధం లేనిదైతేనే, అనవసరంగా ఒకరి ఏకాంతాన్ని భంగపరిచేదైతేనే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ద్వారా ఆ షరతులు తీసేశారు, 2025 నవంబర్‌లో అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఒక్క ముక్కలో 'వ్యక్తిగత సమాచారం' అని తిరస్కరించే వీలుంది. అయినా రెండు దారులు మిగిలాయి. పన్నెండో అంశం అలాగే ఉంది. ప్రజాప్రయోజనం నష్టంకంటే ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) అలాగే ఉంది. తిరస్కరణ వస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి, ఆ రెండూ అందులో రాయండి. అప్పీలుకు రుసుము లేదు. దానిమీద 30 రోజుల్లో, మరీ ఆలస్యమైతే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అక్కడ కాలయాపన తప్పదు, కాబట్టి ఈలోగా పేర్లు లేకుండా లెక్కలు అడుగుతూ కొత్త దరఖాస్తు వేయడం నా అలవాటు. ఎందరికి పడింది, మొత్తం ఎంత, ఎన్ని ఖాతాలు ఆపారు, ఏ కారణానికి ఎన్ని. అంకెల్లో వ్యక్తిగతం ఏముంది?

అంకెలు తక్కువ పని చేయవు. సమాచార హక్కు కింద వచ్చిన కేంద్ర వ్యవసాయ శాఖ లెక్కల వల్లే 2021 జనవరిలో ఒక సంగతి బయటికొచ్చింది: 20.48 లక్షల మంది అనర్హులకు రూ.1,364 కోట్ల పీఎం కిసాన్ సొమ్ము వెళ్ళింది, వాళ్ళలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్ళే. ఆ ఏడాది జులైలో పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క 42 లక్షల మందికి పైగా, దాదాపు రూ.3,000 కోట్లు. ఒక్క పేరు కూడా లేకుండానే ఇంత తెలిసింది.

పేర్లు చేతికొచ్చాక

వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఇది చెప్పినా వినేవాళ్ళు తక్కువ, అయినా చెబుతాను. ఒక్క పేరు తప్పయితే ఆ మనిషి ఊళ్ళో తల ఎత్తుకోలేడు. మీ మీద కేసు కూడా కావచ్చు. పైగా ఎవరైనా పెట్టిన జాబితా చివర ఆధార్ అంకెలు కనిపించిన సందర్భాలు నేనెరుగుదును.

పేర్లు బయటపెట్టాలా వద్దా అన్న తగువు మనదొక్కటే కాదు. యూరప్‌లో రైతు సబ్సిడీ తీసుకున్నవాళ్ళ పేర్లు, మొత్తాలు ప్రభుత్వాలే ప్రచురించాలని రూలు పెడితే, జర్మనీ వైపు నుంచి కేసు వెళ్ళింది. 2010 నవంబర్ 9న యూరోపియన్ న్యాయస్థానం వ్యక్తుల పేర్లు అలా గంపగుత్తగా పెట్టడం చెల్లదంది. తర్వాత 2013లో కొత్త నిబంధన తెచ్చారు: 1,250 యూరోల లోపు తీసుకున్న చిన్న రైతుల పేర్లు వద్దు, ఆపైవాళ్ళవి పెట్టాలి. నాకీ పద్ధతి నచ్చింది. రెండు వేలు తీసుకున్న ముసలమ్మ పేరునూ, సీజనుకు లక్షలు తీసుకున్న ఆసామి పేరునూ ఒకే తీరున గోడకెక్కించడం న్యాయం కాదు. మన దగ్గర అలాంటి గీత గీసినవాళ్ళు లేరు కాబట్టి, మీరు మాట్లాడేటప్పుడైనా ఆ గీత గీసుకోండి.

జాబితాతో మొదట చేయాల్సింది ఖాళీలవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం. ఫౌతీ ఎవరికి, ఈ-కేవైసీ ఎవరికి, బ్యాంకు లింకు ఎవరికి అని విడదీసి, ఒక్కో కట్టను ఒక్కో రోజు ఆఫీసుకు తీసుకెళ్ళండి. ఫౌతీలు తహసీల్దారు ఆఫీసుకు, ఈ-కేవైసీలు రైతు సేవా కేంద్రానికి లేదా మీసేవకు, మూడోది బ్యాంకుకు. పదిమంది ఒకే పనికి కలిసి వెళితే పని నడుస్తుంది. ఒక్కడే వెళితే "సర్వర్ లేదు, రేపు రా".

అనర్హుల మాటకొస్తే, ముందు ఆ మనిషినే అడగండి. పీఎం కిసాన్ సైటులోనే తీసుకున్న డబ్బు తిరిగి కట్టే 'ఆన్‌లైన్ రిఫండ్' ఉంది, ఇకమీదట వద్దని వదులుకునే 'వాలంటరీ సరెండర్' ఉంది. రిటైరైన ఒక టీచరుగారు నా ముందే కూర్చొని ఫోన్లో రిఫండ్ కట్టారు. ఆయనకు రూలు తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు. వినకపోతే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి: పేరు, 1-బి ఖాతా నంబరు, ఏ నిబంధన కింద అనర్హుడో, మీ దగ్గరున్న ఆధారం. 'ఊరంతా తెలుసు' అని రాయకండి. ఉద్యోగి అయితే ఏ శాఖ, ఏ హోదా అని రాయండి. భూమి ప్లాట్లయితే సర్వే నంబరు, ఫొటో జత చేయండి. ఎవరికీ అతకని పేర్లయితే ఆ పేజీ మొత్తం ఒకే ఫిర్యాదుగా, కాపీ జిల్లా వ్యవసాయాధికారికి.

గ్రామసభలో చదివించగలిగితే ఇంకా మంచిది. పేర్లు కాకపోయినా అంకెలు: మన ఊళ్ళో ఇన్ని ఖాతాలు, ఇంతమందికి పడింది, ఇందరివి ఆగాయి, కారణాలివి. తీర్మానం పుస్తకంలో రాయించండి. తర్వాతి విడత పడ్డ వారంలో జాబితా మళ్ళీ తీసి, పాత ప్రింటు పక్కన పెట్టి చూడండి. కొత్తగా చేరిన పేరేదో, పోయిన పేరేదో ఈసారి గంటలో తేలిపోతుంది.